ఇత్తడి బంటుకు ఆజ్ఞ రాయడం ఎలా

ఆటగాళ్లు కల్పిత పాత్రలుగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపించే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటను నిర్వహించే గేమ్ మాస్టర్ ఒక యంత్ర సేవకుణ్ణి కల్పించాలనుకున్నప్పుడు సాధారణంగా ముందుగా బొమ్మ గీసుకుంటాడు. తరువాత దానికి ఎన్ని హిట్ పాయింట్లు ఉండాలో, అంటే అది ఎంత దెబ్బ తట్టుకోవాలో, అది ఎంత గట్టిగా కొట్టాలో లెక్క వేస్తాడు. అది అసలు ఎవరి కోసం ఏ పని చేస్తున్నదన్న సంగతి మాత్రం ఆటగాళ్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాక ఆలోచిస్తాడు. హనుమకొండలో ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద చాలాకాలంగా ఆట నడుపుతున్నవాడిగా ఈ వరుసను తలకిందులు చేయమని చెబుతాను. సేవకుడికి మొదట రాయవలసింది ఆజ్ఞ. దాని రూపం, బలం, బలహీనత అన్నీ ఆ ఆజ్ఞలో నుంచే రావాలి.

ఈ సంగతి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. నేను మొదటిసారి తయారుచేసిన యంత్ర సేవకుడు ఆటగాళ్లకు బహుమానంగా దొరికాడు. మూటలు మోసేవాడు, తాళాలు తీసేవాడు, రాత్రి కాపలా కాసేవాడు, ఉచ్చులున్న చోట ముందు నడిచేవాడు. రెండో వారానికల్లా నలుగురు ఆటగాళ్లకూ "దాన్ని పంపిద్దాం" అనడం తప్ప వేరే పని లేకుండా పోయింది. మూడో వారం నేనే దాన్ని ఒక లోయలోకి తోసేశాను. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు; నన్ను ఎక్కువగా నొప్పించింది అదే. అప్పటినుంచి పెట్టుకున్న నియమం ఒకటే: యంత్ర సేవకుడు ఒకే ఒక పనిని ఆటగాళ్లందరికన్నా బాగా చేయాలి, మిగిలిన పనులలో వారికన్నా వెనుకబడి ఉండాలి. పాతకాలపు యంత్రాలు కూడా ఇలాంటివే. అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలోని ఒక యంత్రం చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తుంది. అదే యంత్రాన్ని ద్వారం దగ్గర కాపలా పెట్టాలని ఆయన అనుకోలేదు. పదకొండవ శతాబ్దపు భోజరాజు సమరాంగణ సూత్రధారంలో యంత్రాలకు ఒక అధ్యాయమే కేటాయించి, అందులో సేవ చేసే బొమ్మల గురించీ ద్వారం కాచే బొమ్మల గురించీ వేర్వేరుగా చెప్పాడు. కనుక యంత్ర సేవకుడు మన కథలకు అరువు తెచ్చుకున్న వస్తువేమీ కాదు.

ఆజ్ఞ దగ్గరికి వెళ్లేముందు ఒక చిక్కును ప్రస్తావించాలి. ఒకసారి నేను ఇలాంటి సేవకుణ్ణి వర్ణిస్తుండగా ఒక తమ్ముడు మధ్యలో ఆపి, "వీనికి జీతం ఇస్తున్నరా అన్నా, వెట్టి చాకిరేనా?" అని అడిగాడు. అందరూ నవ్వారు, తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రోబో అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో వాడుకలోకి వచ్చింది. అది పుట్టిన 'రొబోత' అనే చెక్ మాటకు భూస్వామికి బలవంతంగా చేసిపెట్టవలసిన చాకిరీ అని అర్థం. తెలుగులో దానికి వెట్టికన్నా దగ్గరి మాట లేదు. నిజాం పాలనలో దొరల గడీలకు వెట్టి చేసిన కుటుంబాలు ఓరుగల్లు చుట్టూ ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి ఉన్న ముఖ్య కారణాలలో వెట్టి ఒకటి. దేశమంతటా వెట్టిని నిషేధించే చట్టం 1976లో వచ్చింది. మన ఆటగాళ్లలో ఎవరి తాతో ఆ చాకిరీ చేసినవాడై ఉండవచ్చు. ఇటువంటి ప్రాణిని ఆటలోకి తెచ్చేముందు నేను ఆటగాళ్లతో విడిగా ఒక మాట చెప్పి, ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే కథను మార్చుకుంటాను. ఇబ్బంది లేదన్నప్పుడు మాత్రం ఆ ప్రశ్నను దాటవేయను, ఎందుకంటే ఆజ్ఞ ఎవరిది, దాన్ని ఎవరు రద్దు చేయగలరు అన్న రెండు సంగతులూ తేలేది ఆ ప్రశ్నలోనే.

ఆజ్ఞ రాయడానికి నేను నమూనాగా తీసుకునేది రాతి శాసనం. పాత దాన శాసనాలను చూస్తే ఎవరు ఇచ్చారు, ఏమి ఇచ్చారు, దాని హద్దులేమిటి, అది ఎంతకాలం చెల్లుతుంది, దానిని మీరినవారికి ఏ పాపం చుట్టుకుంటుంది అన్నవి ఒక క్రమంలో వస్తాయి. సేవకుడికి ఇచ్చే ఆజ్ఞలోనూ ఇవే ఉండాలి: చేయవలసిన పని, ఆ పని చేసే సమయం వచ్చిందని తెలిపే గుర్తు, గడువు, ఆజ్ఞను మార్చే అధికారం ఎవరిదన్నది. వీటిలో గుర్తు మీదా గడువు మీదా ఎక్కువ శ్రద్ధ పెట్టండి. శాసనాలలో కనిపించే 'ఆచంద్రార్కం' అనే మాట, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం అన్నది, రాజుకు వైభవంగా వినిపిస్తుంది. మాటను అక్షరాలా పాటించే యంత్రానికి మాత్రం అది ఎప్పటికీ తీరని గడువు. రాజు పోయాడు, రాజ్యం పోయింది, అయినా సూర్యుడూ చంద్రుడూ రోజూ వస్తూనే ఉన్నారు కనుక బంటు పని ఆపదు. కథ ఈ ఒక్క మాటలోనే మొదలైపోతుంది.

ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మా ఆటలోని రాజ్యాన్ని నేను కాకతీయుల నాటి చెరువుల ప్రాంతంలా ఊహించుకున్నాను. రామప్ప, లక్నవరం, పాకాల కట్టల మీద నడిచినవారికి ఆ వాతావరణాన్ని వేరే చెప్పనక్కర లేదు. మన ఊళ్లలో చెరువు నీటిని పొలాలకు పంచే మనిషిని నీరటి అంటారు. నా ప్రాణి ఆ పని కోసం పుట్టిన ఇత్తడి బంటు. పాత తూముల్లో రాతి పలకకు ఉన్న కంతను ఒక బిరడా మూసి ఉంచుతుంది. దానికి బిగించిన పొడవాటి గడను పైకి లాగితే నీరు కాలువలోకి వెళుతుంది. బంటు ఆ గడ పట్టుకుని తూము దగ్గర నిలబడి ఉంటుంది. దాని వీపు మీద చెక్కి ఉన్న ఆజ్ఞ ఇది: "చెరువు నీరు మత్తడి పక్క రాతిమీది వరాహపు పాదం తాకిన నాడు తూము విప్పుము. తాకని నాడు ఎవరు అడిగినను విప్పకుము. ఆచంద్రార్కము ఈ పని నీది." మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీరు పొర్లిపోయే కట్టడం. వరాహం కాకతీయుల రాజచిహ్నం కనుక ఆ గుర్తును ఎంచుకున్నాను, మీ రాజ్యానికి మీ చిహ్నం పెట్టుకోండి.

ఆజ్ఞలో ఎక్కడా తప్పు లేదు. చెరువు నిండితేనే నీరు వదలాలన్నది వినడానికి సబబైన మాటే. కాని రాజ్యం కూలిన తరువాత ఊరివాళ్లు ఇళ్ల పునాదులకు మత్తడి రాళ్లను ఊడదీసుకుపోయారు. మత్తడి రెండు అడుగులు కుంగింది. ఇప్పుడు ఎంత వాన పడినా నీరు వరాహపు పాదం దాకా లేవకముందే మత్తడి మీదుగా వాగులోకి పోతున్నది. గుర్తు ఎన్నటికీ తాకదు, బంటు ఎన్నటికీ తూము విప్పదు, చెరువులో నీళ్లు కనిపిస్తుండగానే ఆయకట్టు ఎండిపోతున్నది. ఆటగాళ్లు ఊరికి వచ్చేసరికి రైతులు చెప్పేది మాత్రం కట్ట మీద ఒక ఇత్తడి దయ్యం ఉన్నదని, తూము దగ్గరికి పోయినవాళ్లను ఖాళీ చేత్తో కొడుతున్నదని.

మీరు తయారుచేసే ఏ సేవకుడికైనా ఈ పరీక్ష పెట్టండి: ఆజ్ఞ ఇచ్చిన రోజున ఉన్న లోకంలో ఏ ఒక్క సంగతి మారితే అదే ఆజ్ఞ కీడుగా మారుతుంది? సమాధానం ఒక వాక్యంలో రాకపోతే ఆజ్ఞను ఇంకా చిన్నది చేయాలి. సేవకుడికి పిచ్చి పట్టిందనో, శాపం తగిలిందనో చెప్పడం సులువే కాని, అప్పుడు ఆటగాళ్లకు కత్తి దూయడం తప్ప దారి ఉండదు. విధేయత వల్లే చెడు జరుగుతున్నప్పుడు వాళ్లు చెరువు చుట్టూ తిరుగుతారు, రాళ్లు లెక్కపెడతారు, ఎవరి ఇంటి పునాదిలో ఏ రాయి ఉన్నదో వెతుకుతారు.

ఆజ్ఞ కుదిరాక ఒంటి సంగతి. ఇక్కడ ఉత్తర తెలంగాణ పనివాళ్లు మనకు ఎంతో సామగ్రి ఇస్తారు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును వెనుకవైపు నుంచి సుత్తితో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తేలుస్తారు. అలా చేసిన ఒళ్లు లోపల డొల్లగా ఉంటుంది కనుక తేలికగా ఉంటుంది, కాని నడిస్తే గంటలా మోగుతుంది. దొంగచాటుగా వెళ్లే పనికి అది పనికిరాదు. ఆదిలాబాద్ ప్రాంతపు డోక్రా పనిలో మట్టి బొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. లోహం ఆరాక అచ్చును పగలగొట్టి బొమ్మను తీస్తారు కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే రాజుకు పన్నెండుమంది బంట్లు ఉండి, ప్రతి ఒక్కరి ముఖమూ వేరుగా ఉండాలనుకుంటే ఈ పద్ధతిని ఎంచుకోండి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క చాలా తేలిక. ఇంటిలోపల దీపాలు మోసే చిన్న సేవకుడికి అది సరిపోతుంది, కాని దీపం మోసే చెక్క బొమ్మ అన్న మాటలోనే దాని బలహీనత వినిపిస్తుంది. పదార్థం ఏదైనా అది కనీసం ఒక అంకెను పెంచాలి, ఒక అంకెను తగ్గించాలి. రెండూ చేయని పదార్థం ఉత్త రంగు మాత్రమే.

బంటును కదిలించే శక్తి ఏమిటన్న దాని మీద ఎక్కువ సమయం పెట్టకండి. యంత్రాల తయారీ వివరాలను తెలియక కాదు, గోప్యత కోసమే చెప్పడం లేదని భోజుడు తన గ్రంథంలో చెప్పుకున్నాడు; గేమ్ మాస్టర్‌కు అంతకన్నా మంచి సాకు దొరకదు. నా బంటు తూములో పారే నీటి ఉరవడితో నడుస్తుందని ఒక్క వాక్యం రాసుకున్నాను. తూము ఎన్నాళ్లుగానో మూసి ఉన్నది కనుక అది ఇప్పుడు నెమ్మదిగా కదులుతుంది. నాకు కావలసింది అంతే.

అంకెలకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలనే వాడతాను. వాటిలోని మూల భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి అందులోని ప్రాణులను మార్చి వాడుకోవచ్చు, మూలాన్ని పేర్కొంటూ ప్రచురించుకోవచ్చు కూడా. అందులోని యానిమేటెడ్ ఆర్మర్, అంటే తనంతట తానే కదిలే కవచం, మంచి పునాది: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే కొట్టేవాడు అందుకోవలసిన అంకె) 18, హిట్ పాయింట్లు 33, తెలివి 1. నీరటి బంటు ఆజ్ఞను చదివి అర్థం చేసుకోవాలి కనుక తెలివిని 6కు పెంచాను. రేకు ఒళ్లు కనుక ఆర్మర్ క్లాస్‌ను 16కు తగ్గించాను. మనిషికన్నా పెద్దది కనుక పెద్ద పరిమాణపు ప్రాణులకు వాడే పది ముఖాల డైస్ తీసుకుని 6డీ10+12 రాశాను, అంటే ఆ డైస్ ఆరు వేసి 12 కలపడం. పది ముఖాల డైస్ సగటు 5.5 అవుతుంది కాబట్టి మొత్తం 45 హిట్ పాయింట్లు. బలం 18, చురుకుదనం 8, దారుఢ్యం 14, వివేకం 12, ఆకర్షణ 3. నేల మీద వేగం 20 అడుగులు. ఊపిరితో పని లేదు కనుక నీటి అడుగున కూడా నడుస్తుంది. చేత్తో కొట్టడానికి ఇరవై ముఖాల డైస్ మీద పడిన అంకెకు +6, తగిలితే దెబ్బ 1డీ10+4.

ఈ అంకెలు ఊరికే కాగితం మీద ఉండకూడదు, ఒకసారి ఆడించి చూడాలి. నలుగురు ఆటగాళ్లు +5తో కొడుతున్నారనుకుందాం. 16 అందుకోవాలంటే డైస్ మీద కనీసం 11 పడాలి, అంటే సగం దెబ్బలు తగులుతాయి. దెబ్బకు సగటున 8 పోతే ఒక్కొక్కరి వాటా 4, నలుగురిదీ కలిసి రౌండుకు, అంటే అందరి వంతూ ఒకసారి అయ్యేసరికి, 16. మూడు రౌండ్లలో బంటు పడిపోతుంది. బంటు వైపు నుంచి చూస్తే ఆర్మర్ క్లాస్ 15 ఉన్న యోధుడిని కొట్టాలంటే 9 పడాలి, అది నూటికి 60 వంతులు. తగిలినప్పుడు సగటు 9.5 కనుక రౌండుకు దాదాపు 5.7, మూడు రౌండ్లకు 17. ఇరవై హిట్ పాయింట్లున్న రెండో స్థాయి యోధుడు ఒక్కడే బంటును ఎదుర్కొన్నా సగటు లెక్కన నిలబడే ఉంటాడు, కాని మూడు దెబ్బలూ తగిలితే పడిపోవచ్చు కనుక బాగా భయపడతాడు. సేవకుడితో పోరు ఇంతకన్నా ప్రమాదకరంగా ఉండనక్కర లేదు. చంపడానికి మూడు రౌండ్లు చాలు అని ఆటగాళ్లకు తెలిసినప్పుడే చంపకపోవడం వాళ్ల నిర్ణయం అవుతుంది.

ఇమ్యూనిటీల విషయంలో పిసినారిగా ఉండండి. విషం, నిద్ర, ఆకలి ఇత్తడికి పట్టవన్నది సహజమే. దానిపైన మంటా చలీ మాయా ఏవీ పనిచేయవని రాసుకుంటూ పోతే ప్రతి వాక్యమూ ఎవరో ఒక ఆటగాడి చేతిలోని ఆయుధాన్ని లాగేసుకుంటుంది. బలహీనతను మాత్రం పనిలో నుంచి తీయండి. పోరులో ఈ బంటు గడ వదలదు. గడను పక్కకు లాగితే బంటు కూడా వెంట వస్తుంది. మా ఆటగాళ్లు దీన్ని రెండో రౌండులోనే కనిపెట్టి తాడు తెచ్చారు.

ఆజ్ఞ పాఠాన్ని ఆటగాళ్ల నుంచి దాచవద్దు. అది కనిపించాలా వద్దా అన్నది డైస్ మీద ఎప్పుడూ ఆధారపడకూడదు, ఎందుకంటే 15 అందుకోవాల్సిన పరీక్షలో +3 ఉన్నవాడు కూడా నూటికి 55 సార్లు ఓడిపోతాడు, అప్పుడు కథ కట్ట మీదనే ఆగిపోతుంది. వీపు మీది అక్షరాలు అందరికీ కనిపిస్తాయి, కాని చిలుము పట్టి సగం చదవరాకుండా ఉంటాయి. చిలుమును ఎంత త్వరగా వదిలించగలరన్నదే డైస్ చెప్పాలి. ఇక్కడే నాకు ఇష్టమైన చిన్న ఏర్పాటు ఒకటి ఉన్నది. 2014 నియమాల ప్రకారం గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం యంత్ర ప్రాణుల మీద పనిచేయదు. దాని బదులు మా ఆటలో చింతపండు పనిచేస్తుంది. పండుగకు ముందు ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినవాళ్లకు తెలుసు: నానిన చింతపండు గుజ్జు రాసి, కొంచెం ఉప్పు చల్లి, కొబ్బరి పీచుతో రుద్దితే పచ్చటి మరక వదిలి బంగారు రంగు తేలుతుంది. ఆటలో గంటసేపు అలా తోమి డైస్ మీద 15 అందుకుంటే బంటుకు 1డీ10 హిట్ పాయింట్లు తిరిగి వస్తాయి, ఆజ్ఞలో ఒక వాక్యం బయటపడుతుంది. ఓడితే గంట పోతుంది, అంతే. కత్తితో వచ్చినవాళ్లు చింతపండు కోసం ఊరిలోకి పరుగెత్తడం చూడముచ్చటగా ఉంటుంది.

మాటతీరు గురించి ఒక సూచన. బంటుకు శాసనాల భాష మాత్రమే తెలుసని నేను పెట్టుకున్నాను. "జర తూము తియ్యరాదు తాతా, పొలాలు ఎండుతున్నయి" అని ఒక ఆటగాడు బతిమాలినప్పుడు నేను, "అడిగినవారు ఎవరైనను, నీరు పాదము తాకలేదు" అని మాత్రమే జవాబిచ్చాను. ఇటువంటి జవాబు ఎంత పొడిగా ఉంటే అంత మంచిది. జాలి, కోపం, హాస్యం సేవకుడి గొంతులో పెట్టవద్దు. వాటిని ఆటగాళ్లు తామే తెచ్చి పోస్తారు. దానికి తెలుగు సర్వనామాలే సాక్ష్యం. నేను ప్రాణిని వర్ణించేటప్పుడు 'అది' అనే అంటాను, వాళ్లు మార్చేదాకా మార్చను. మా ఆటలో మొదటి సాయంత్రం అందరూ 'అది' అన్నారు, వీపు మీది అక్షరాలు చదివాక 'వాడు' అన్నారు, చిలుము వదిలించాక 'తాత' అన్నారు. ఈ మార్పు రాకపోతే సేవకుడికి ఆజ్ఞ ఉన్నదే తప్ప బతుకు లేదని అర్థం; అప్పుడు నేను తరువాతి వారం దాని చేతి అలవాటు ఒకటి కలుపుతాను, ఉదాహరణకు రోజూ పొద్దున గడను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకోవడం.

చివరిగా, ఆజ్ఞను తీర్చే దారులు కనీసం మూడు ఉండేలా చూసుకుని, వాటిలో ఒకటైనా మీరు ఊహించనిది కావడానికి చోటు వదలండి. నేను రాసుకున్నవి మత్తడిని తిరిగి కట్టడం, పాత రాజముద్రను వెతికి తెచ్చి కొత్త ఆజ్ఞ ఇవ్వడం, బంటును పడగొట్టి తామే తూము విప్పడం. మా వాళ్లు ఈ మూడింటినీ పక్కన పెట్టారు. జీతం గురించి అడిగిన ఆ తమ్ముడే ఒక ఉలి తీసుకుని నీళ్లలోకి దిగి, వరాహం ఉన్న రాతి మీదనే పాదాన్ని కిందికి పొడిగించి చెక్కుతానన్నాడు. చిహ్నాన్ని చెరపలేదు, ఆజ్ఞలో ఒక్క అక్షరం మార్చలేదు, వరాహానికి కాలు రెండు అడుగులు పొడవైంది. ఒప్పుకోవాలా వద్దా అని నేను ఆజ్ఞను మళ్లీ చదువుకున్నాను. అడ్డు చెప్పే మాట ఒక్కటీ కనిపించలేదు. బంటు కట్ట దిగి వచ్చి, తడిసిన కొత్త గీత మీద వేలు పెట్టి చూసి, వెనక్కి నడిచి రెండు చేతులతో గడను పైకి లాగింది. నీరు కాలువలోకి దూకిన తరువాత ఆ తమ్ముడు, "ఇంక నీ పని అయిపోయింది తాతా, ఇంటికి పో" అన్నాడు. వీపు మీద 'ఆచంద్రార్కము' అన్న మాట ఇంకా అలాగే ఉన్నది. తరువాతి ఆదివారానికి నేను రాసుకోవలసినది ఆ మాట గురించే.